బండి నంబరు ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది?

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని బరంపురం వెళ్లడాన్ని ఆ చుట్టుపక్కల ఎవరూ రాష్ట్రం దాటి వెళ్లడంగా అనుకోరు. పాతిక కిలోమీటర్ల దారి. ఒంట్లో బాగోలేకపోతే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి, పెళ్లి కుదిరితే పట్టుచీరలకు బరంపురమే వెళతారు. పర్లాకిమిడి, పాతపట్నం పేరుకే రెండు రాష్ట్రాల ఊళ్లు, ఉండేది మాత్రం పక్కపక్కనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడే వరకు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. సరిహద్దు గీత పడకముందే కలిసిన చుట్టరికాలు ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయి.

ఈ రాకపోకలు ఇదివరకు ఎవరి లెక్కలోకీ వచ్చేవి కావు. చెక్ పోస్టులో లారీలను ఆపేవాళ్లు, సొంత బండి మీద పోయేవాళ్ల జోలికి పెద్దగా వచ్చేవాళ్లు కారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్ పోస్టులు కూడా ఎత్తేశారు. మనిషి తనిఖీ తగ్గిన ఆ ఏళ్లలోనే యంత్రం తనిఖీ పెరుగుతూ వచ్చింది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరైంది. ఇచ్ఛాపురం దగ్గర బెల్లుపడ టోల్ గేటు దాటిన కారు అక్కడికి ఎన్నింటికి వచ్చిందో సెకన్లతో సహా రికార్డు అవుతుంది. 2025 ఫిబ్రవరి నుంచి ఒడిశా రవాణా శాఖ టోల్ గేట్ల దగ్గర ఈ-డిటెక్షన్ అనే పద్ధతి పెట్టింది. గేటు దాటిన బండి నంబరును రిజిస్ట్రేషన్ వివరాలుండే వాహన్ రికార్డుతో పోల్చి చూసి, ఇన్సూరెన్సో పొల్యూషన్ సర్టిఫికెట్టో ఫిట్‌నెస్సో లేకపోతే ఎవరూ ఆపకుండానే చలానా పంపిస్తారు. వీటికి తోడు పోలీసుల కెమెరాలు ఉండనే ఉన్నాయి.

నంబర్ ప్లేటును చదివే కెమెరా పని చేసే తీరు తెలిస్తే అసలు సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. దాంట్లోంచి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు ప్లేటు మీద పడుతుంది. ప్లేటుకు ఆ వెలుతురును తిప్పికొట్టే పూత ఉంటుంది కాబట్టి చీకట్లో కూడా అక్షరాలు స్పష్టంగా వస్తాయి. సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మలోంచి అక్షరాలను, అంకెలను విడదీసి చదువుతుంది. తర్వాత వెతుకుతున్న బండ్ల జాబితాతో పోలుస్తుంది. దొంగతనం అయిన బండి, కేసులో ఉన్న బండి అయితే కంట్రోల్ రూమ్‌లో హెచ్చరిక వస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

జాబితాలో లేని బండి సంగతి ఏమిటి? రోడ్డు మీద వెళ్లే బండ్లలో దాదాపు అన్నీ అలాంటివే. వాటి నంబరు, సమయం, చోటు, ఫొటో కూడా కెమెరా చదివింది. పోల్చి చూసింది, ఏమీ దొరకలేదు. ఆ తర్వాత దాన్ని చెరిపేశారా, దాచారా? దాస్తే ఎన్నాళ్లు? ఎవరెవరు తీసి చూడవచ్చు? గోప్యత నిలబడేదీ పోయేదీ ఈ దగ్గరే. కెమెరా చూసిందన్నది చిన్న విషయం. బజారులో నిలబడ్డ మనిషి కూడా ఆ బండిని చూస్తాడు, కాసేపటికి మరిచిపోతాడు. సర్వర్ మరిచిపోదు. ఆరు నెలల తర్వాత ఎవరైనా ఆ నంబరు కొడితే అది ఎక్కడెక్కడికి ఎప్పుడెప్పుడు వెళ్లిందో వరసగా చూపిస్తుంది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో రెండు రాష్ట్రాల్లోనూ తెలియనివాళ్లు లేరు. డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడు సార్లు వెళ్లక తప్పదు. అలాంటి మనిషి ఉన్న ఇంటి బండిని ఊహించుకోవచ్చు. తెల్లవారుజామున బయల్దేరుతుంది, మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. రోజు విడిచి రోజు అదే దారి, అదే సమయం. ఆ ఇంట్లోవాళ్లు ఎవరికీ నోరు విప్పి చెప్పకపోయినా, ఆసుపత్రి రికార్డు ఎవరూ తెరవకపోయినా, నెల రోజుల నంబరు వరసను చూస్తే జబ్బు సంగతి తెలిసిపోతుంది. అప్పు ఇచ్చేవాడికి, ఇన్సూరెన్స్ కంపెనీకి, పెళ్లి సంబంధం చూసేవాళ్లకు అది ఎంత విలువైన సమాచారమో ఆ ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక్కసారి చూస్తే ఏమీ చెప్పని రికార్డు వందసార్లు పోగుపడ్డాక అన్నీ చెప్పేస్తుంది.

జబ్బు ఒక్కటే కాదు. ఏ గుడికి, ఏ చర్చికి, ఏ మసీదుకు వెళుతున్నారు, ఏ పార్టీ మీటింగు రోజున ఎవరి బండి ఎక్కడుంది, అధికారి మీద ఫిర్యాదు చేసిన మనిషి ఏ విలేకరిని కలిశాడు, ఇవన్నీ అందులోంచి తీయవచ్చు. అన్నిటికన్నా భయపెట్టేది వేరే కులంలో పెళ్లి చేసుకుని ఊరు దాటిన జంట సంగతి. సరిహద్దు దాటితే కొంత ఊపిరి పీల్చుకోవచ్చని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వెళ్లే జంటలు ఎప్పుడూ ఉన్నాయి. అమ్మాయి తరఫు వాళ్లకు స్టేషన్‌లో ఒక్క తెలిసిన మనిషి ఉంటే చాలు. పరిచయం ఉన్న కానిస్టేబుల్ ఫోనులో ఆ నంబరు వెతికి పెట్టడానికి ఎంత సేపు? అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో 2022లో ఒక పోలీసు అధికారి, తనకు దూరంగా ఉంటున్న భార్య బండి ఎక్కడ తిరుగుతోందో ఇలాంటి కెమెరాల వ్యవస్థలోనే వెతికి అరెస్టయ్యాడు. ఎవరు ఏ నంబరు వెతికారో రాసి ఉంచే పద్ధతి అక్కడ ఉంది కాబట్టే ఆ సంగతి నిరూపించగలిగారు.

కెమెరాలే వద్దనే వాదన ఈ ప్రాంతంలో నిలబడదు, నిలబడకూడదు కూడా. మల్కన్‌గిరి, కొరాపుట్ కొండల నుంచి గంజాయి ఏ దారుల్లో దిగుతుందో పోలీసులకే కాదు, దారిలో టీ కొట్టు పెట్టుకున్నవాళ్లకు కూడా తెలుసు. ఆ సరుకు మోసే బండ్లకు దొంగ నంబర్లు ఉంటాయి. సరిహద్దు దాటగానే ప్లేటు మార్చేస్తారు. గుద్ది పారిపోయిన లారీని పట్టుకోవాలన్నా కెమెరానే దిక్కు. రోడ్డు మీద కొడుకును పోగొట్టుకున్న తండ్రికి ఆ ఫుటేజీ ఎంత అవసరమో మరొకరు చెప్పనక్కర్లేదు. అయితే దొంగ బండి కోసం పెట్టిన కెమెరా దొంగ బండినే గుర్తుపెట్టుకుంటే చాలు. డయాలసిస్ బండిని గుర్తుపెట్టుకుని ఎవరిని పట్టుకోవాలి?

చట్టం ఏం చెబుతోంది? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 136ఏ సెక్షన్ వచ్చింది. రోడ్డు భద్రత కోసం ఎలక్ట్రానిక్ నిఘాకు దారి వేసింది అదే. దాని కింద 2021 ఆగస్టులో 167ఏ నిబంధన తెచ్చారు. నిఘా పరికరానికి రాష్ట్రం నియమించిన అధికారి దగ్గర ధ్రువీకరణ ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. ఈ దారిలో కెమెరా ఉందని ముందుగానే బోర్డు పెట్టాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. చలానా తేలేవరకు ఆ రికార్డును ఉంచాలి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను, ఈ నిబంధనను అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. బోర్డు గురించి, నోటీసు గడువు గురించి ఇంత వివరంగా రాసిన నిబంధన, తప్పు చేయని బండి రికార్డును ఎప్పుడు చెరిపేయాలో మాత్రం చెప్పదు. ఎందుకంటే అది చలానా కోసం రాసిన నిబంధన. బండి జాడ తీయడం దాని పరిధిలోనే లేదు. ఉన్న కెమెరాతో ఆ పని కూడా చేసుకోవచ్చు, చట్టం మాత్రం ఇంకా అక్కడిదాకా రాలేదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మంది ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. ప్రభుత్వం ఆ హక్కులోకి రావాలంటే దానికి ఒక చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి పోకూడదు. ఫోను వినే విషయంలో ఈ దేశం అలాంటి పద్ధతే పెట్టుకుంది. ఒకరి ఫోను ట్యాప్ చేయాలంటే మామూలుగా హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు 60 రోజులకే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు, ఒక సమీక్ష కమిటీ దాన్ని చూడాలి. ఆ పద్ధతిలో లోపాలు లేవని కాదు. కనీసం ఫలానా అధికారి సంతకం అని అడగడానికి ఒక కాగితం ఉంటుంది. మనిషి ఆరు నెలల తిరుగుడు మొత్తం బయటపెట్టే నంబరు వెతుకులాటకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఫోనులో మాట్లాడుకున్న మాటలకు ఉన్న పాటి రక్షణ మనిషి నడిచిన దారికి ఎందుకు ఉండకూడదు?

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఈ ఖాళీని పూరిస్తుందని చాలామంది ఆశించారు. అది నేరాల నివారణ, దర్యాప్తు కోసం వాడే డేటాకు ముఖ్యమైన బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చింది. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచే తప్పించే వీలు కూడా పెట్టింది. కిరాణా యాప్ ఫోను నంబరు తీసుకుంటే వర్తించే నియమాలు, పోలీసు కెమెరా రోజూ తీసుకునే నంబరు దగ్గరికి వచ్చేసరికి సడలిపోతాయి.

ప్రభుత్వం దగ్గరున్న డేటా ప్రభుత్వం దగ్గరే ఉంటుందన్న నమ్మకానికి కూడా ఆధారం తక్కువ. 2019లో కేంద్ర రవాణా శాఖ బల్క్ డేటా షేరింగ్ విధానం అని ఒకటి తెచ్చింది. వాహన్, సారథి రికార్డులు, అంటే బండ్ల, లైసెన్సుల వివరాలను ఏడాదికి 3 కోట్ల రూపాయల చొప్పున కంపెనీలకు ఇవ్వవచ్చంది. అప్పటికే ఆ డేటా మీద దాదాపు 65 కోట్ల రూపాయలు వచ్చాయని, 87 ప్రైవేటు కంపెనీలకు అది అందుబాటులో ఉందని ఆ ఏడాది జూలైలో పార్లమెంటులోనే చెప్పారు. దుర్వినియోగం కావచ్చన్న ఆందోళనలతో 2020లో ఆ విధానాన్ని ఎత్తేశారు. అప్పటికే బయటికి వెళ్లిన డేటాను వెనక్కి తెచ్చే మార్గం ఏదీ లేదు. రిజిస్ట్రేషన్ కోసం ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చిన వివరాలు అమ్ముడుపోతాయని సంతకం పెట్టేటప్పుడు ఎవరైనా అనుకున్నారా?

సరిహద్దు జిల్లాల్లో ఈ బెడద రెండింతలు. ఇక్కడి మనిషి రోజూ రెండు ప్రభుత్వాల కెమెరాల కింద తిరుగుతాడు. ఇచ్ఛాపురంలో ఇల్లు, బరంపురంలో కొట్టు ఉన్న మనిషి బండి ఏపీ 39 నంబరుతో రోజూ ఉదయం అటు వెళుతుంది, రాత్రికి ఇటు వస్తుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, అక్కడి పన్ను కట్టాలి. ఒడిశా కెమెరాల్లో ఆ బండి ఏడాది పొడుగునా ప్రతిరోజూ కనబడుతుంది. రాత్రి తిరిగి వచ్చి ఆంధ్రాలో పడుకున్న సంగతి ఆంధ్రా రికార్డుల్లో ఉంటుంది, లేదా ఎక్కడా ఉండదు. ఒక పక్క రికార్డును మాత్రమే చూసిన అధికారికి అది ఒడిశాలోనే ఉంటున్న బండిగా కనబడవచ్చు. కాదని నిరూపించుకునే భారం ఎవరి మీద పడుతుంది? టోల్ రసీదులు, ఇంటి కరెంటు బిల్లు పట్టుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాల్సింది ఆ కొట్టు యజమానే. 2021లో తెచ్చిన, ఏ రాష్ట్రంలోనైనా చెల్లే భారత్ సిరీస్ నంబరు ఇలాంటి ఇబ్బంది కోసమే అంటారు గానీ, అది ప్రభుత్వ ఉద్యోగులకూ నాలుగు అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకూ మాత్రమే. బజారులో కొట్టు పెట్టుకున్నవాడికి అది రాదు.

కొటియా వైపు పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంది. కొరాపుట్ జిల్లా, సాలూరు మధ్య ఉన్న ఆ 21 గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా సుప్రీంకోర్టులో వాదించుకుంటున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ కొన్ని గ్రామాల్లో పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. చాలా ఇళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. అలాంటి చోట ఎవరు ఏ వైపు సంతకు వెళుతున్నారు, ఏ వైపు ఆఫీసుకు వెళుతున్నారు అన్నది కూడా రాజకీయమే. ఆ దారి మీద రేపు కెమెరా నిలబడితే, అది ఏ రాష్ట్రానిదైనా, గిరిజనులు ఎటు మొగ్గుతున్నారో లెక్క తీసే పనిముట్టుగా మారే ప్రమాదం ఉంది.

ఇక తప్పు చలానా వస్తే అడిగే దారి. సందేశం ఇంగ్లిషులోనో మరో భాషలోనో వస్తుంది. పర్లాకిమిడి తెలుగువాడికి విశాఖపట్నంలో చలానా పడినా, పలాస మనిషికి భువనేశ్వర్‌లో పడినా, నేను ఆ రోజు అక్కడ లేనని చెప్పుకోవడానికి ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు. తప్పు పడడం అరుదేమీ కాదు. ఒడిశా ప్లేటు ఓడీ అని మొదలవుతుంది. ఇంగ్లిషులో రాస్తే ఓ, డీ, సున్నా మూడూ దూరం నుంచి దాదాపు ఒకేలా గుండ్రంగా ఉంటాయి. బీకీ ఎనిమిదికీ కూడా తేడా తక్కువ. బురద పడితే, వంగిన ప్లేటైతే, ఆటోల మీద రెండు వరసల్లో రాస్తే యంత్రం తడబడుతుంది. అన్నిటికీ మించి, గంజాయి బండికి తగిలించే దొంగ నంబరు ఎవరో ఒక అమాయకుడి అసలు నంబరు కావచ్చు. తప్పు చేయనివాడికి భయమెందుకు అనేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచిస్తే చాలు. తన నంబరు తగిలించుకున్న బండి రాత్రి రెండు గంటలకు చింతూరు ఘాట్ దిగిందని రికార్డు చెబుతుంటే, ఇంట్లో పడుకున్న మనిషి ఆ టెన్షన్ ఎలా పడతాడు, తాను ఇంట్లోనే ఉన్నానని దేనితో రుజువు చేస్తాడు? ఈ అయోమయాన్ని సొమ్ము చేసుకునే మోసగాళ్లు కూడా తయారయ్యారు. ఆర్టీఓ చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు పంపి, నొక్కగానే బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తున్నారు.

పక్క రాష్ట్రాల రికార్డులు కలవకపోతే ఏమవుతుందో ఢిల్లీలో చూశాం. 2025 జూలై 1న అక్కడ పెట్రోలు బంకుల్లో ప్లేటు చదివే కెమెరాలు పెట్టి, పదేళ్లు దాటిన డీజిలు బండ్లకు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకు ఇంధనం పోయవద్దన్నారు. రెండు మూడు రోజులకే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. కెమెరాలు, సెన్సర్లు సరిగ్గా పని చేయడం లేదని, పొరుగు రాష్ట్రాల డేటాతో అనుసంధానం లేదని ఢిల్లీ ప్రభుత్వమే రాసింది. రాజధానిలోనే ఇలా ఉంటే మన సరిహద్దులో గిరిసోల దగ్గరో పాతపట్నం దగ్గరో ఇంతకన్నా బాగా నడుస్తుందని ఎలా నమ్మాలి? నిజానికి బాగా నడిస్తే వచ్చే ప్రమాదం ఇంకో రకం. రెండు రాష్ట్రాల రికార్డులూ, ఫాస్టాగ్ రికార్డూ ఒకచోట కలిసి తప్పుల్లేకుండా పని చేస్తే, బండి జాడ ఎక్కడా తెగకుండా దొరుకుతుంది. గేట్లే లేకుండా కెమెరా, ఫాస్టాగ్‌లతో టోలు వసూలు చేసే పద్ధతిని గుజరాత్‌లోని చోర్యాసి దగ్గర మొదలుపెట్టడానికి 2025లో ఒప్పందం కూడా కుదిరింది. దేశమంతా అటే నడుస్తోంది.

ఇంటి లోపల కూడా ఈ నిఘా మొదలైపోయింది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఫాస్టాగ్ ఎవరి ఫోను నంబరుతో ఉంటే వాళ్లకే సందేశం వెళుతుంది. బండి నడిపేది భార్య అయినా, ఏ గేటు ఎన్నింటికి దాటిందో భర్త ఫోనులో మోగుతుంది. ట్రావెల్స్ డ్రైవరు ఎక్కడ ఆగాడో యజమాని లెక్కగడతాడు. పుట్టింటికి వెళ్లి వచ్చే దారిలో అక్కను చూసి రావడానికి కూడా ముందుగా చెప్పాల్సిన ఇళ్లు ఉన్నాయి. వాటిలో ఆ చిన్న సందేశం ఎంత పెద్ద గొడవకు దారి తీస్తుందో ఆడవాళ్లకు తెలుసు.

దీనికి పరిష్కారం లేదనడం నిజం కాదు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2008 మార్చిలో రెండు రాష్ట్రాల నంబర్ ప్లేటు చట్టాలను కొట్టేసింది. జాబితాతో సరిపోలని నంబరును ఆ క్షణమే, ఎవరి కంటా పడకుండా చెరిపేయాలంది. 2018 డిసెంబరులో మరో అడుగు ముందుకేసి, వెంటనే చెరిపేసినా సరే, చదవడమే హక్కులో జోక్యమని, దానికి తగిన కారణం ఉండాలని చెప్పింది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం కేసుతో సంబంధం లేని నంబరును 3 నిమిషాల్లో తీసేయాలని చట్టం చేసుకుంది. బ్రిటన్ 12 నెలలు ఉంచుతుంది. అది చాలా ఎక్కువే, కానీ అక్కడ గడువు ఎంతో అందరికీ తెలుసు. గడువు రాసి ఉంటే అది ఎక్కువైందని అయినా వాదించవచ్చు. మన దగ్గర ఆ వాదన మొదలుపెట్టడానికే ఏమీ లేదు.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. జాబితాలో లేని నంబరును గంటల్లో చెరిపేయాలి. ఎవరు ఏ నంబరును ఏ కేసు కోసం వెతికారో రాసి ఉంచాలి. పాత జాడ మొత్తం తీయాలంటే స్టేషన్ స్థాయిలో కాకుండా పై అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఒక రాష్ట్రం మరో రాష్ట్రానికి డేటా ఇస్తే ఆ ఒప్పందం బయట పెట్టాలి. సరిహద్దు కెమెరాల బోర్డులు, చలానాలు ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. ఫిర్యాదు ఏ ఒడ్డున ఇచ్చినా తీసుకోవాలి. వీటిలో ఏదీ గంజాయి బండిని వదిలేయమని చెప్పదు.

చట్టం మారేలోపు చేయగలిగిన పని ఒకటుంది. సమాచార హక్కు ఈ దేశ పౌరులందరిదీ కాబట్టి శ్రీకాకుళం మనిషి ఒడిశా రవాణా శాఖనూ, బరంపురం మనిషి ఆంధ్రా పోలీసు శాఖనూ అడగవచ్చు. జిల్లాలో నంబరు చదివే కెమెరాలు ఎన్ని, 167ఏ కింద వాటికి ఇచ్చిన ధ్రువీకరణ ప్రతులు ఎక్కడ, సరిపోలని నంబర్లను ఎన్ని రోజులు ఉంచాలని ఉత్తర్వు ఉంది, ఆ సర్వర్‌ను నడిపే కాంట్రాక్టరుతో ఏమని రాసుకున్నారు, పొరుగు రాష్ట్రానికి ఏం ఇస్తున్నారు అని అడగాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. డేటా పరిరక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చి, వ్యక్తిగత సమాచారం అన్న కారణంతో తిరస్కరించడాన్ని సులువు చేసింది. ఈ ప్రశ్నల్లో మాత్రం ఏ ఒక్క మనిషి వివరమూ లేదు, ఏ కేసు దర్యాప్తూ లేదు. కాబట్టి ఆ కారణం ఇక్కడ పనికిరాదు, తిరస్కరిస్తే అప్పీలుకు వెళ్లవచ్చు.